పేజీ అడుగున ఉన్నది వినబడాలంటే

(కొమర్రాజు వెంకట లక్ష్మణరావు స్మారకోపన్యాస పాఠం)



లక్ష్మణరావు గారి పేరు మీద మాట్లాడమంటే నేను చరిత్రే మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. చాలాకాలం చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి అందులో తప్పులేదు. ఈ సాయంత్రం మాత్రం చరిత్ర పుస్తకంలో పేజీ అడుగున, సన్నటి గీత కింద, చిన్న అక్షరాల్లో ఉండే భాగం గురించి మాట్లాడతాను. పండితులు దాన్ని అధోజ్ఞాపిక అంటారు, పాదసూచిక అంటారు. మనం వాడుకలో అనేది ఫుట్‌నోటు. నేనూ అదే అంటాను.

ముందుగా ఆయన్ని తలచుకుందాం. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టి, నాగపూరులో చదువుకుని, మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన ఆ మనిషి 1923లో, నలభయ్యారేళ్లకే, వెళ్లిపోయారు. ఆ కొద్దికాలంలోనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టుకకు, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టుకకు కారకుల్లో ఒకరయ్యారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి పూనుకుని, ఆ పని నడుస్తుండగానే కన్నుమూశారు. శాసనాలు వెతికి, చదివి, వాటి మీద నిలబెట్టి చరిత్ర రాయాలన్నది ఆయన పట్టుదల. ఇంగ్లీషు రానంత మాత్రాన తెలుగువాడికి శాస్త్రం అందకుండా పోకూడదన్నది అంతకంటే పెద్ద పట్టుదల. ఈ రెండూ నా విషయంలో కలుస్తాయి. ఆధారం చూపించాలి, ఆ ఆధారం అందరికీ అందాలి.

నేను కళ్లతో చదవను. కంప్యూటరులో స్క్రీన్ రీడర్ అనే సాఫ్ట్‌వేరు తెరమీది అక్షరాలను గొంతుగా మార్చి వినిపిస్తే చదువుకుంటాను. కొందరికి తెలిసే ఉంటుంది, కొత్తవారి కోసం చెబుతున్నాను.

1

ఫుట్‌నోటు చూపున్న పాఠకుడికి ఏం చేస్తుందో ఒకసారి ఆలోచించండి. వాక్యం చివర చిన్న అంకె కనబడుతుంది. చదవాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. కావాలంటే చూపు కిందికి దించి, శాసనం పేరో పుస్తకం పేరో చూసుకుని, మళ్లీ పైకి వస్తాడు. అక్కర్లేకపోతే ఆ అంకె ఉన్నట్టు కూడా గుర్తుండదు. వాక్యం తెగదు, ఆలోచన చెదరదు. అనుమానం వచ్చిన చోట ఆగి రచయితను నిలదీసే హక్కు, నమ్మకం ఉన్న చోట సాగిపోయే హక్కు, రెండూ ఒకే చిన్న అంకెలో ఉన్నాయి. ఈ ఎంపికే ఫుట్‌నోటుకు ప్రాణం. ఎంపిక పోయిందంటే మిగిలేది చిన్న అక్షరాలు మాత్రమే.

ఆ ఎంపికకు పడే శ్రమ పెరిగితే చూపున్నవాళ్లు కూడా విసుక్కుంటారు. 1776లో ఎడ్వర్డ్ గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతనం మీద రాసిన మహాగ్రంథం మొదటి సంపుటం లండన్‌లో వచ్చింది. నోట్లన్నీ పుస్తకం చివర వేశారు. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అప్పటికే జబ్బుతో ఉన్నాడు, ఆ ఆగస్టులోనే చనిపోయాడు. అంత జబ్బులోనూ ఆయన ఆ పుస్తకం చదివి, దాన్ని వేసిన స్ట్రాహన్‌కు ఏప్రిల్‌లో ఉత్తరం రాశాడు. నోటు వచ్చినప్పుడల్లా పుస్తకం చివరికి పోవాల్సి వస్తోంది, పోయి చూస్తే చాలాసార్లు అక్కడ ఒక గ్రంథం పేరు తప్ప ఏమీ ఉండటం లేదు, వాటిని పేజీ అంచునో అడుగునో వేయకూడదా అని గొడవ. తర్వాతి ముద్రణల్లో నోట్లు పేజీ అడుగుకు వచ్చాయి. అలా ఒప్పుకున్నందుకు తరచు బాధపడ్డానని గిబ్బన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు, అది వేరే సంగతి. ఈ కథలో ఫిర్యాదు చేసినవాడికి రెండు కళ్లూ బాగానే ఉన్నాయని మీరు గమనించాలి. పేజీలు తిప్పే శ్రమే అంత తత్వవేత్తకు బరువైతే, నేను చెప్పబోయేది మీకు తేలిగ్గానే అర్థమవుతుంది.

2

చెవికి పేజీ అంటూ లేదు. పైన, కింద, పక్కన అనేవి లేవు. ముందు, వెనక మాత్రమే ఉన్నాయి. స్క్రీన్ రీడర్ ఒక మాట తర్వాత ఒక మాట చెప్పుకుంటూ పోతుంది. విండోస్‌లో జాస్, ఎన్‌వీడీఏ, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఏదైనా అంతే. అలాగని మేం మొదటి నుంచి చివరిదాకా కదలకుండా వింటూ కూర్చుంటామనుకోకండి. ఎన్‌వీడీఏలో హెచ్ మీట నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే తర్వాతి లింకుకు దూకుతాం. దూకాలంటే మాత్రం ఇది శీర్షిక, ఇది లింకు, ఇది నోటు అని ఫైలులో రాసి ఉండాలి. కంటికి కనబడేట్టు అక్షరం పెద్దది చేసినా చిన్నది చేసినా మాకు ఒరిగేదేమీ లేదు.

ఇక అసలు తమాషా చూడండి. కాకతీయుల వంశవృక్షం పట్టికగా ఇచ్చారనుకోండి. రుద్రమదేవి మరణం ఎదురుగా 1289 అని ఉంది. ఆ తేదీకి ఆధారం నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం కాబట్టి రచయిత బుద్ధిగా పక్కన పైకెత్తిన 2 వేశాడు. స్క్రీన్ రీడర్లు మామూలు అమరికలో పైకెత్తిన అంకెను వేరుగా చెప్పవు. నాకు వినబడేది పన్నెండు వేల ఎనిమిది వందల తొంభై రెండు. నవ్వకండి, నేను విన్నదే చెబుతున్నాను. వాక్యాల్లో ఈ ప్రమాదం కాస్త తక్కువ. తెలుగువాళ్లం సంవత్సరం పక్కన ‘లో’ తగిలించకుండా ఉండలేం గనుక, 1289లో అన్నాక 2 అని విడిగా పలుకుతుంది. పట్టికల్లో, బ్రాకెట్లలో, జననమరణ తేదీల దగ్గర మాత్రం రక్షించేవాళ్లు లేరు. ఎన్‌వీడీఏలో పై అంకెలను చెప్పించే అమరిక ఒకటుంది. అది ఆన్ చేస్తే అంకె పైన ఉందని తెలుస్తుంది. అది ఫుట్‌నోటా, గణితంలో వర్గమా అన్నది మళ్లీ మేమే ఊహించుకోవాలి.

పీడీఎఫ్ సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన పుస్తకాలు, పత్రికలు, పరిశోధనా వ్యాసాలు ఎక్కువగా ఆ రూపంలోనే తిరుగుతున్నాయి. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తరలిస్తుండగా, అన్న దగ్గర పేజీ అయిపోయిందనుకోండి. మీ చూపు సహజంగా పక్క పేజీ మొదటి వరుసకు వెళ్తుంది. లోపల నిర్మాణం లేని పీడీఎఫ్‌లో నాకు ఆ తర్వాత వినబడేది నోటు ఏడు, నోటు ఎనిమిది, నోటు తొమ్మిది, పేజీ సంఖ్య, పక్క పేజీ తలమీద వేసిన పుస్తకం పేరు, ఆ తర్వాత, దారిలో మరణించాడు. మహారాజు చనిపోవడానికి మూడు నోట్ల పాటు ఆగాలి. ఆ నోట్లలో ఒకటి విలస తామ్రశాసనం గురించే అయివుంటుంది, ఆయన నర్మద ఒడ్డున పోయాడని మనకు చెప్పేది అదే కాబట్టి. అంటే మరణవార్త కంటే ముందే దాని సాక్ష్యం నా చెవిలో పడుతుంది.

విస్తరిలో ఊరగాయను ఓ పక్కన వడ్డిస్తారు, కావలసినవాడు నంజుకుంటాడు. మాకు వచ్చిన పుస్తకాల్లో దాన్ని అన్నంలో కలిపేసి పెడుతున్నారు. లేకపోతే వంటింట్లోనే వదిలేస్తున్నారు.

తెలుగులో దీనికి ముందే ఇంకో అడ్డంకి ఉంది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకం పీడీఎఫ్ తెరిస్తే మీకు చక్కని తెలుగు కనబడుతుంది. ఆ అక్షరాల వెనక ఉన్న సంకేతాలు తెలుగువి కావు. స్క్రీన్ రీడర్‌కు అవి అర్థంపర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా, గుర్తులుగా అందుతాయి. అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. అయినా నేటికీ ఎన్ని పుస్తకాలు పాత ఫాంట్లలో తయారవుతున్నాయో డీటీపీ మిత్రులకు నాకంటే బాగా తెలుసు. వాళ్లను తప్పుపట్టడానికి అనడం లేదు. పేజ్‌మేకర్‌లో ఫుట్‌నోట్లను పేజీ అడుగున తనంత తానే సర్దే ఏర్పాటే లేదు. అందుకని అడుగున గీత గీసి, వేరే పెట్టె పెట్టి, అంకెను చేత్తో చిన్నది చేసి పైకి జరిపే అలవాటు వచ్చింది. తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో 2005 నాటికే ఆ ఏర్పాటు చేశారు. చేతి అలవాటు మాత్రం పోలేదు.

3

సరే, ఎలా ఉండాలి? నా దృష్టిలో చెవి పాఠకుడికి కావలసినవి నాలుగు. నోటు ఉందని తెలియాలి. కావాలంటే వెళ్లగలగాలి. వెళ్లినచోటి నుంచి అదే మాట దగ్గరికి తిరిగి రాగలగాలి. వద్దనుకుంటే దాని గొంతే వినబడకూడదు. చూపున్నవాళ్లకు ఈ నాలుగూ అడగకుండానే ఉన్నాయి.

వెబ్‌ను తీర్చినవాళ్లకు ఇది తట్టలేదా అంటే, తట్టింది. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్. 1995 నాటి దాని 3.0 ముసాయిదాలో ఫుట్‌నోటుకు ప్రత్యేకంగా ఒక ట్యాగు ఉండేది. ఆ ముసాయిదాతోనే అదీ పోయింది. ఇవాళ్టి హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో ఫుట్‌నోట్లకు ప్రత్యేక ఏర్పాటు లేదని వాళ్లే రాసుకుని, లింకులతో సర్దుకోమన్నారు. విద్వత్తంతా వెబ్ మీదికి వచ్చాక కూడా విద్వత్తుకు అవసరమైన ఈ చిన్న పనిముట్టు అందులో లేకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఈ-పుస్తకాల వాళ్లు కొంత నయం. 2011లో వచ్చిన ఈపబ్ 3లో ఇది నోటును సూచించే అంకె, ఇది నోటు అని గుర్తులు పెట్టే వీలు ఇచ్చారు. 2017 డిసెంబరులో, వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ డబ్ల్యూ3సీ డిజిటల్ పుస్తకాల కోసం మరికొన్ని గుర్తులను ప్రమాణంగా ప్రకటించింది. ఇది నోటు సూచిక, ఇది ఫుట్‌నోటు, ఇది వెనక్కి తీసుకెళ్లే లింకు అని అవి స్క్రీన్ రీడర్‌కు నేరుగా చెబుతాయి. అన్ని స్క్రీన్ రీడర్లూ వాటిని ఒకేలా పలకవు. పలికినచోట మాత్రం హాయి. ఒట్టి అంకె వినబడటానికీ, అది నోటు సూచిక అని తెలియడానికీ ఉన్న తేడా అనుభవించినవాడికే తెలుస్తుంది.

లింకు పేరు విషయంలో నాకొక పట్టింపు ఉంది. స్క్రీన్ రీడర్లో పేజీలోని లింకులన్నిటినీ జాబితాగా తెచ్చుకోవచ్చు. అందులో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు మాత్రమే వరుసగా ఉంటే ఏది ఏమిటో తెలియదు. అలాగని కొందరు సదుద్దేశంతో ప్రతి అంకెకూ, రెండో ఫుట్‌నోటుకు వెళ్లడానికి ఇక్కడ నొక్కండి, అని పేరు పెడతారు. నోట్లు దండిగా ఉన్న వ్యాసంలో ఆ మాట విని విని పిచ్చెక్కుతుంది. ‘నోటు 2’ చాలు. అంతకంటే ఒక్క అక్షరం ఎక్కువ వద్దు.

మౌసు పెడితే చిన్న పెట్టెలో తేలివచ్చే నోట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయట. నాకు మౌసు లేదు. ఫోనులో మీకూ మౌసు లేదు. మీటలతోగాని వేలితోగాని తెరిచి, మూసి, బయటపడగలిగితే సరే. లేకపోతే ఆ నోటు లేనట్టే.

అన్నిటికంటే తక్కువ ఆలోచించేది తిరుగు ప్రయాణం గురించి. వెళ్లే లింకు పెట్టి వచ్చే లింకు మరిచిపోయిన వ్యాసాలు కోకొల్లలు. పుస్తకం చివర ఉన్న ముప్ఫయ్యో నోటు విన్నాక నేను మళ్లీ ఏ అధ్యాయంలో ఏ వాక్యం దగ్గర ఆగానో వెతుక్కోవాలి. బ్రౌజరులో ఆల్ట్‌తో ఎడమ బాణం నొక్కితే కొన్నిసార్లు సరిగ్గా అక్కడికే చేరుస్తుంది, కొన్నిసార్లు పేజీ నెత్తిమీద పడేస్తుంది. కొందరు వంకర బాణం గుర్తు ఒకటి పెట్టి వదిలేస్తారు. దాన్ని స్క్రీన్ రీడర్ కొక్కెమున్న ఎడమవైపు బాణం అన్నట్టుగా ఏదో ఇంగ్లీషులో వర్ణిస్తుంది, లేదా మౌనంగా దాటేస్తుంది. నోటు 2 నుంచి వెనక్కి అని మాటల్లో పేరు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఒకే నోటును రెండుమూడు చోట్ల వాడితే తిరుగు లింకులు కూడా అన్ని ఉండాలి. వికీపీడియాలో ఈ పని పద్ధతిగా జరుగుతుంది. మన తెలుగు వికీపీడియాలో మూలాల జాబితా తెరిస్తే ప్రతి మూలం ముందూ వెనక్కి పోయే దారి ఉంటుంది.

నాలుగోది, వద్దనుకునే హక్కు. దీన్ని మొదట గట్టిగా పట్టించుకున్నది డైసీ కన్సార్షియం. 1996లో గ్రంథాలయాలు కలిసి పెట్టుకున్న సంస్థ అది, చూపులేని పాఠకుల కోసం మాట్లాడే డిజిటల్ పుస్తకాలకు ప్రమాణాలు రాసింది. ఆ ప్రమాణాల ప్రకారం ఫుట్‌నోట్లు, పేజీ సంఖ్యలు, పక్క పెట్టెలు వినాలా మానాలా అన్నది పాఠకుడే ముందుగా ఎంచుకోవచ్చు. మొదటిసారి నోట్లు ఆపేసి కథలా వింటాను. రెండోసారి నోట్లు తెరిచి రచయితతో పోట్లాడతాను. చరిత్ర చదివే పద్ధతి అదే కదా! ఇంత మంచి ఆలోచన మామూలు వెబ్ పేజీలకూ, పీడీఎఫ్‌లకూ ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఇదంతా విని రచయితలు కంగారుపడనక్కర్లేదు. ఈ గుర్తులూ ట్యాగులూ మీరు చేత్తో రాయాల్సిన పనిలేదు. వర్డ్‌లో ఆల్ట్, కంట్రోల్, ఎఫ్ మూడూ కలిపి నొక్కితే అసలైన ఫుట్‌నోటు పుడుతుంది. దానిలో సూచికకూ నోటుకూ మధ్య బంధం ఉంటుంది, స్క్రీన్ రీడర్‌కు అది నోటని తెలుస్తుంది. మధ్యలో కొత్త నోటు చేరితే అంకెలు వాటంతటవే సర్దుకుంటాయి గనుక మీకూ లాభమే. పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రింట్ ఆజ్ఞతో కాకుండా సేవ్ యాజ్‌తో, నిర్మాణపు ట్యాగులు ఉంచమన్న గుర్తు పెట్టి చేయండి. అందుబాటైన పీడీఎఫ్ కోసం 2012లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ప్రతి నోటుకూ నోటు అనే ట్యాగు, దానికి విడి గుర్తింపు ఉండాలంటుంది. ఆ పని సగానికి సగం మీ ఆల్ట్-కంట్రోల్-ఎఫ్ దగ్గరే మొదలవుతుంది. చేత్తో అంకెను చిన్నది చేసి పైకి జరిపితే అక్కడే ఆగిపోతుంది. తర్వాత ఏ యంత్రమూ దాన్ని నమ్మకంగా పట్టుకోలేదు.

4

ఇంత గొడవ ఎందుకు, ఫుట్‌నోట్లే తీసేస్తే పోలేదా అనేవాళ్లున్నారు. బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైటు రచనా నియమాల్లో ఫుట్‌నోట్లు వాడొద్దనే ఉంది. అవి అచ్చు పుస్తకం కోసం పుట్టినవి, సమాచారం ముఖ్యమైతే పాఠంలోనే చెప్పండి అంటారు వాళ్లు. పింఛనుకు దరఖాస్తు ఎలా చేయాలో చెప్పే పేజీకి ఆ నియమం నూటికి నూరుపాళ్లు సరైనదే. మన ప్రభుత్వ ఉత్తర్వుల్లో నక్షత్రం గుర్తు పెట్టి, షరతులు వర్తిస్తాయని అడుగున సన్నగా వేసే అలవాటు పోతే అందరికంటే ముందు నేనే సంతోషిస్తాను.

చరిత్రకు, న్యాయశాస్త్రానికి, సాహిత్య విమర్శకు మాత్రం ఆ మందు పనికిరాదు. సాక్ష్యం తీసేసిన చరిత్ర పుక్కిటి పురాణంతో సమానం. నా సౌకర్యం కోసం నోట్లు తీసేసిన ప్రతి ఇస్తే, మిగతావాళ్లకు ఇచ్చిన పుస్తకం నాకు ఇవ్వనట్టే. చందుపట్ల శాసనం పేరు లేకుండా 1289 అని నమ్మమంటే నేనెందుకు నమ్మాలి? చూపున్న విద్యార్థి ప్రశ్నించగలిగినదాన్ని చూపులేని విద్యార్థి కూడా ప్రశ్నించగలగాలి. వాడు రేపు పరిశోధకుడు కావాలనుకుంటే వాడికి ముందుగా కావలసినవి ఆ చిన్న అక్షరాలే.

రచయితలు మార్చుకోవలసింది మాత్రం ఒకటుంది. పైదే, పేజీ 47, అంటూ వేసే నోట్లు. ఐబిడ్ అన్నా అదే. పై నోటులో కూడా పైదే అని ఉంటుంది, దానికి పైదానిలోనూ అంతే. మీరు చూపును నాలుగు వరుసలు పైకి పంపితే సరిపోతుంది. నేను ఒక్కో నోటూ ఎక్కుకుంటూ పోయి అసలు పుస్తకం పేరు పట్టుకుని, మళ్లీ దిగి రావాలి. కాగితం మిగల్చడానికి పుట్టిన ఆచారం అది. ఫైలులో కాగితం కరువు లేదు, రచయిత పేరూ పుస్తకం పేరూ పొట్టిగా ప్రతిసారీ రాయండి. అలాగే తెలుగు నోటు మధ్యలో ఇంగ్లీషు గ్రంథాల పేర్లు వస్తే, ఆ భాగం ఇంగ్లీషు అని వర్డ్‌లో భాషను గుర్తించి పెట్టండి. గొంతు మార్చుకునే వీలు స్క్రీన్ రీడర్‌కు ఉంది, ఎక్కడ మార్చాలో మీరు చెప్పాలి.

5

చట్టాలకు లోటు లేదు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, వైకల్యమున్నవారి కోసం పుస్తకాలను అందుబాటు రూపాల్లోకి మార్చుకోవచ్చన్నారు. చూపులేనివారికి పుస్తకాలు అందేలా చేసే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనది. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది, ఆ ఏడాదే సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో, అందుబాటు నియమాలు ఐచ్ఛికం కావు, తప్పనిసరిగా ఉండాలి అని చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారు చేసింది మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయంలో వైకల్య అధ్యయన కేంద్రం.

చట్టం నాకు పుస్తకాన్ని మార్చుకునే హక్కిచ్చింది. మార్చేది ఎవరు? ఏ కాలేజీ కుర్రాడో, ఏ రిటైరైన టీచరమ్మో అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి, తప్పులు దిద్ది, ఒక్కో అంకెనూ వెతికి, దాని నోటును వెతికి, రెండిటినీ ముడివేస్తున్నారు. నోట్లు దట్టంగా ఉన్న పుస్తకమైతే ఆ పనికి భయపడి వదిలేస్తున్నారు. దాంతో మాకు నవలలు దొరికినంతగా చరిత్రలు దొరకడం లేదు. అసలు ఫైలు ప్రచురణకర్త కంప్యూటరులోనే ఉంటుంది. రచయిత మొదటిసారి టైపు చేసినప్పుడే ముడి పడివుంటే, ఈ శ్రమంతా అవసరమే లేదు.

అందుకని ఈ సభలో ఉన్న రచయితలను, ప్రచురణకర్తలను, విశ్వవిద్యాలయాల వాళ్లను అడుగుతున్నాను. మీ సిద్ధాంత గ్రంథాల నియమావళిలో అంచులు ఎన్ని అంగుళాలుండాలో రాస్తారు, ఫుట్‌నోట్లు సాఫ్ట్‌వేరు ఆజ్ఞతోనే చేర్చాలని కూడా ఒక వాక్యం రాయండి. పుస్తకం యూనికోడ్‌లో కూర్పించండి. అందుబాటు గ్రంథాలయం అడిగినప్పుడు పీడీఎఫ్‌తో సరిపెట్టకుండా అసలు ఫైలు ఇవ్వండి. ఎన్‌వీడీఏను చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియన్లు తయారుచేశారు, ఉచితంగా ఇస్తున్నారు, అది తెలుగు కూడా చదువుతుంది. ఇంటికి వెళ్లాక దాన్ని మీ కంప్యూటరులో పెట్టుకుని, తెర ఆర్పేసి, మీ పుస్తకంలో నోట్లు ఎక్కువగా ఉన్న పేజీ ఒకటి వినండి. విన్న తర్వాతే అచ్చుకు పంపండి.